దొంగ నక్షత్రం

అరిజోనా ఎండ ఇంకా కిటికీ ఎక్కనేలేదు, మా ప్రొఫెసర్ వెండెల్ కాఫీ కప్పుల్లో షాంపేన్ పోసేస్తున్నారు.

“చూశావా ఒఫీలియా! అచ్చం నా పుస్తకంలో రాసినట్టే పేలింది నక్షత్రం!”

రాత్రి టెలిస్కోపు తీసిన ఫొటోలన్నీ జల్లెడ పట్టి, మా ఏఐ రెండే పేలుళ్లు ఏరింది. ఒకటి చక్కగా, గుండ్రంగా ఉంది. రెండోది పగిలిన గుడ్డులా వంకరగా ఉంది.

“మరి ఆ రెండోది?” అన్నాను.

“చెత్త! మిషన్‌కి మతి చెడింది. నక్షత్రాలు అలా పేలవు.”

“ఏఐ సరిగ్గా చూస్తోందో లేదో తెలియడానికి, ఎవరికీ చెప్పకుండా ఫొటోల్లో ఓ దొంగ నక్షత్రాన్ని కలపమన్నది మీరే కదా?”

కప్పు ఆయన నోటి దగ్గరే ఆగిపోయింది. “కలిపావా?”

“ఒక్కటే. మీ పుస్తకం ముందేసుకుని, మీ లెక్కల ప్రకారమే తయారుచేశాను. అందుకే అంత ముద్దొస్తోంది.”

“అయితే ఆ వంకరది...”

“దాంతో నాకేం సంబంధం లేదు. అది ఆకాశం పని.”

ఆయన కప్పు పక్కన పెట్టారు. తర్వాత ఆ వంకర పేలుడు కనిపిస్తున్న కంప్యూటర్ తెర ముందుకు కుర్చీ లాక్కున్నారు.

“నా పుస్తకం ఇలా తే.”

“మళ్లీ చూస్తారా?”

“కాదు, ఎత్తు కోసం ఈ తెర కింద పెట్టు. వంగి చూస్తుంటే మెడ లాగుతోంది.”