తుపాకీకి శిక్ష ఉండదు

ఆశాజ్యోతి వీధి మెట్ల మీద కూర్చుని నెత్తళ్ల చేపల తలలు తుంచుతోంది.

పై గదిలో అద్దెకుంటున్న ఎల్లాజీ, బస్సుకి ఇంకా టైముందని కింది మెట్టు మీద చతికిలబడ్డాడు. అచ్యుతాపురంలో ఏదో కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఆశాజ్యోతి తండ్రి పైడయ్యకు తెలిసినవాడు. అంతకు మించి ఆమెకీ తమ్ముడికీ అతని సంగతి తెలియదు.

హాల్లో తమ్ముడు మణికంఠ వీడియో తీసుకుంటున్నాడు. ఆయుధాల మీద వాడికో ఛానెల్ ఉంది. పేరు ‘తూటా టాక్’.

“ఫ్రెండ్స్, డ్రోన్లొచ్చాక తుపాకీ పనైపోయిందంటన్నారు. తప్పు! డ్రోను ఇల్లు కూలుస్తాది గానీ ఇంట్లోకెళ్లి వెతకదు. వెళ్లాల్సింది మనిషే. వాడి చేతిలో తేలికపాటి రైఫిలుండాలి, గురి చూడ్డానికి మీద మంచి సైటుండాలి. జామైపోతాదంటారా? రైఫిల్ జామవదు ఫ్రెండ్స్. తుడవడం రాని ఎదవ చేతిలో జామవతాది! మా నాన్న ఫోర్స్‌లో చేశారు. ఒక్కసారైనా జామైందేమో అడగండి!”

కుర్చీలో కూర్చున్న పైడయ్య కెమెరా వైపు చూసి నవ్వాడు.

“మిషను కదా బాబూ, ఆగుతాది,” అన్నాడు ఎల్లాజీ మెట్ల మీంచే.

మణికంఠ ఫోన్ పట్టుకుని బయటికొచ్చాడు.

“నీకేటి తెలుసు మావా? నీకిచ్చింది లాఠీయే కదా!”

“ముందు తుపాకీ ఉండేది. నానూ ఫోర్స్‌లో సేసినోణ్ణే.”

లోపల పైడయ్య దగ్గాడు.

ఎల్లాజీ ఒక నెత్తలి తీసి తల తుంచి గిన్నెలో వేశాడు.

“కొండ మీద కాల్పులవతన్నాయి. నా తుపాకీ ఆగిపోనాది. బండరాయెనక కూకుండిపోనాను బాబూ. పక్కనోడు తూటా తగిలి నన్ను పిలుత్తన్నాడు. లెగలేకపోనాను. సేతులూ కాళ్లూ ఆడలేదు. ఎవలికైనా అవతాది అలాగ. అందుకే, తుపాకీ ఆగినోణ్ణి ఎదవా అనకు.”

“అబ్బో! నిజవే మావా?”

“ఇది ఎవల్తోనూ అనకు.”

“ఛ! నాను సెప్తానేటి మావా!” అని మణికంఠ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారానికి వీడియో బయటికొచ్చింది. ‘పిరికి జవాను నోటే నిజం’ అని పెద్ద అక్షరాలు. కింద ఎల్లాజీ మొహం, చేతిలో నెత్తలి.

గాజువాక టీ కొట్ల దగ్గర జనం ఫోన్లలో అతని మాటలే పెట్టుకుని నవ్వారు. “బండెనక మావా, టీ తాగుతావేటి?” అని ఎవడో బస్సులోంచి కేకేశాడు.

సోమవారం ఎల్లాజీ మధ్యాహ్నం కాకుండానే తిరిగొచ్చాడు. యూనిఫాంలోనే ఉన్నాడు. తిన్నగా పైడయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు.

“రేపట్నుంచి రావద్దన్నారు. పిరికోడికి గేటు అప్పజెప్పరంట.”

పైడయ్య తలెత్తలేదు.

“ఆ సూపర్వైజరుకి నువ్వంటే గౌరవం. ఒక్క ఫోను సెయ్యి పైడయ్యా. నాను అలాటోణ్ణి కాదని, అంతే. ఇంకేటీ సెప్పొద్దు.”

“నలుగురూ సూసీసినారు ఎల్లాజీ,” అన్నాడు పైడయ్య నేల చూస్తూ. “ఇప్పుడు నాను తగుదునమ్మా అని… నాకెందుకొచ్చిన గొడవ?”

ఎల్లాజీ వెనక్కి తిరిగాడు. మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు. పై గదిలో సామాను సర్దుతున్న చప్పుడు.

“ఒక్క ఫోను సేత్తే ఏటి పోయింది నాన్నా?” అంది ఆశాజ్యోతి.

“నువ్వూరుకో అక్కా,” మణికంఠ ఫోన్ స్టాండుకి బిగించి తండ్రి ముందు పెట్టాడు. “నాన్నా, రెండో పార్టు అడుగుతన్నారు. ఒక్క మాట చెప్పు. అసలైన జవాను అలా దాక్కుంటాడా?”

పైడయ్య కెమెరా మీంచి చూపు తిప్పుకున్నాడు.

వంటింటి గుమ్మంలోంచి తల్లి పోతమ్మ అంది: “సెప్పు. ఆ బండెనకున్నది ఎవలో నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?”

“ఫోనాపరా,” అన్నాడు పైడయ్య.

“ఎందుకు నాన్నా?”

“ఆపరా! ఆ తుపాకీ నాది. దాక్కున్నది నాను.”

మణికంఠ ఫోన్ తీయబోయి, తీయలేక, చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“మరి ఎల్లాజీ మావ తన మీదెందుకేసుకున్నాడమ్మా?” అంది ఆశాజ్యోతి.

“తుపాకీ ఎందుకాగిందని ఎంక్వయిరీ ఏసినారు,” అంది పోతమ్మ. “తుపాకీకి శిచ్చుండదు కదా, పట్టుకున్నోడికే. ఆ పొద్దు తుపాకులు మారిపోనాయి, అది నా సేతిలోనే ఆగిందని సెప్పీసినాడు. ఆడికి ముందెనకా ఎవలూ లేరు. నాకు నువ్వు కడుపులో ఉన్నావు. ఆణ్ణి ఇంటికి పంపీసినారు. మీ నాన్న పింఛను దాకా సేసినాడు.”

పైన గది తలుపు మూసిన చప్పుడైంది.

“మరి… తూటా తగిలి నిన్ను పిలిచినోడెవలు నాన్నా?” అన్నాడు మణికంఠ.

పైడయ్య మెట్ల వైపు చూశాడు.

ఆ రోజు కొండ మీద తూటా తగిలి పైడయ్యని పేరు పెట్టి పిలిచిన మనిషి, ఈసారి ఎవరినీ పిలవకుండా, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగి గేటు దాటి వెళ్లిపోయాడు.