అమ్మ చెప్పిన సాక్ష్యం

ఆమదాలవలస చర్చిలో సాక్ష్యాల వేళ అమ్మ కొంగు తలమీదకు లాక్కుని లేచి నిలబడింది.

"నెల్లాళ్ల కిందట నాను ఇమానమెక్కి మా పాప కాడికి హైదరాబాదు ఎల్లాల. ఆ పొద్దున్నే నా టికెట్టు ఇంకో కంపెనీ ఇమానానికి మారిపోనాది. వారం తిరక్కుండానే, నానెక్కాల్సిన రకం ఇమానాలన్నిటినీ దేశమంతా ఆపేసినారని టీవీలో సెప్పినారు. రెక్కల కాడ పగుళ్లట. ఆ రోజు దాన్లో ఎల్లిన నూట ఎనబై మందినీ దేవుడే సల్లగా దింపినాడు. నన్నయితే ఎక్కనే ఎక్కనీలేదు."

"స్తోత్రం," అన్నారు అందరూ.

పాస్టరు గారు నా వైపు తిరిగారు. "బెన్హర్, ఇమానాలు బాగుసేసే పనిలో ఉన్నావు కదా. నువ్వూ ఒక మాట సెప్పు."

లేచాను. అమ్మ నన్నే చూస్తోంది. కంపెనీవాళ్లే మార్చారని ఆ రోజు ఆమెకు అబద్ధం చెప్పాను.

"అమ్మ టికెట్టు మార్చింది నేనే," అన్నాను.

"అలగ తోపించినవాడు దేవుడే, నాయినా," అంది ముందు వరస ముసలమ్మ. మళ్లీ అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంది.

టికెట్టు మార్చడానికి గంట ముందు, అమ్మ ఎక్కాల్సిన విమానం రెక్క కింద సన్నటి పగులు చూశాను. పైవాళ్లు తొందరపెడుతున్నారు. వచ్చే తనిఖీ దాకా ఆగుతుందిలే అనుకుని, ఎగరొచ్చని సంతకం పెట్టాను.

అది కూడా చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే వెనక ఎవరో పాట ఎత్తుకున్నారు.

నేనూ గొంతు కలిపాను.