తేదీ మారిన గడి

డ్రైవరు భార్య బల్ల మీద చీటీ పెట్టింది. మడతల దగ్గర చిరిగి, వెనక టేపు అంటించిన చీటీ. పైన ఆసుపత్రి ముద్ర. కింద ఒకే వాక్యం: కిడ్నీ కోసం ఎదురుచూసేవారి జాబితాలో మీ వంతు ఒకటి.

“మొదటి వంతు మా ఆయనదేనని మీరే రాసిచ్చారు. ఆ తర్వాత పదకొండు నెలలు బతికాడు. ఒక్కసారి కూడా పిలవలేదు. ఎందుకు పిలవలేదో చెప్పండి, చాలు.”

నాలుగేళ్లుగా ఆమె ఇదే మాట కిటికీ కిటికీకీ వెళ్లి అడుగుతోంది. కౌంటరు వాళ్లు ఆమెకి చీటీ పిన్ని అని పేరు పెట్టి నవ్వుకునేవారు. కొత్తగా వచ్చిన డైరెక్టరు మాత్రం నవ్వలేదు. సంగతి తేల్చమని రికార్డుల గదికి పంపాడు.

ఆ గదిని చూసేది పట్టికలమ్మ. ఆ పేరు పెట్టిందీ కౌంటరు వాళ్లే. ఆసుపత్రి సమాచారాన్నంతా పట్టికలుగా దాచే డేటాబేస్ ఆమె చేతిలో ఉంటుంది. రోగుల పేర్లు, చిరునామాలు ఒక పట్టికలో. ఆపరేషన్లు ఇంకోదాంట్లో. నమోదు తేదీలు, వంతులు వేరే పట్టికలో. వీటన్నిటినీ కలిపేది ఒక్క నంబరే. అది రోగికి కూడా చెప్పరు. పేరు చూసి ఎవరూ ఎవర్నీ ముందుకు తొయ్యకూడదని ఆ ఏర్పాటు. పేర్ల పట్టికా, ఆపరేషన్ల పట్టికా డైరెక్టరు అనుమతి లేనిదే తెరుచుకోవు.

పట్టికలమ్మ వంతుల పట్టిక తెరిచింది. ఆ పదకొండు నెలల్లో డ్రైవరుకి సరిపడే కిడ్నీ ఒక్కటే వచ్చింది. అది 4172 నంబరుకి వెళ్లింది. నమోదు తేదీ చూస్తే 4172 డ్రైవరు కన్నా మూడేళ్లు ముందు. మరి డ్రైవరు చీటీలో ఒకటి అని ఎలా రాశారు?

డేటాబేస్‌లో ఇంకో పట్టిక ఉంటుంది. ఏ గడిని ఎవరు, ఎప్పుడు మార్చారో అది దానంతటదే రాసుకుంటుంది. 4172 నమోదు తేదీ నిజానికి డ్రైవరుకి చీటీ ఇచ్చిన తర్వాతదే. దాన్ని ఎవరో వెనక్కి జరిపారు. ఆ లాగిన్ మాస్టారిది.

మాస్టారంటే ఆమెకి పని నేర్పిన మనిషి. ఒకే విషయాన్ని రెండు చోట్ల రాస్తే ఏదో ఒకరోజు అందులో ఒకటి అబద్ధమైపోతుందని, అందుకే ఏదైనా ఒక్కచోటే ఉంచాలని చెప్పినవాడు. ఆమెకి ఉమ్మెయ్యాలనిపించింది. ఆ తేదీ మార్చిన రోజుల్లో తను జబ్బుపడి సెలవులో ఉంది. ఆ మురికి తన చేతికి అంటనందుకు ఊపిరి పీల్చుకుంది. అయినా వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది.

సాయంత్రం మాస్టారింటికి వెళ్లింది. ఆయన రిటైరై రెండేళ్లయింది. విరిగిన గొడుగు ఊచ సరిచేస్తూ కూర్చున్నాడు. ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. మూడంతస్తులు ఎందుకెక్కావు, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా అన్నాడు.

“4172,” అంది ఆమె.

ఆయన చేతులు ఆగిపోయాయి. తాను చెయ్యలేదని అనలేదు. ఎవరైనా బెదిరించారా అంటే లేదన్నాడు. ఏమైనా తీసుకున్నారా అంటే దానికీ లేదన్నాడు.

“ఒకాయన చచ్చిపోయాడు మాస్టారూ.”

“తెలుసు. నేనే చేశానని సంతకం పెట్టి ఇస్తాను, తీసుకెళ్లు. పేర్ల పట్టిక మాత్రం తెరవకమ్మా.”

ఇంత జరిగినా ఆ దొంగని వెనకేసుకొస్తున్నాడు. ఆమె ఆయన సంతకం పెట్టిన కాగితం తీసుకుంది. ఆయన ముందుకు జరిపిన మంచినీళ్లు ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

బస్సులో కూర్చున్నాక మాస్టారి మీది అసహ్యమంతా ఆ 4172 మీదికి మళ్లింది. ఎవరై ఉంటారు? ఈ నాలుగేళ్లూ పూటపూటా తిని, హాయిగా పడుకుని, పొద్దున్నే లేచి తల దువ్వుకుని తిరుగుతూ ఉంటారు కాబోలు. ఆ మనిషికి అన్నం ఎలా దిగుతోందో ఆమెకి అర్థం కాలేదు.

మర్నాడు డైరెక్టరు మాస్టారి సంతకం చూసి, ఇది చాలు కదా అన్నాడు. తప్పు ఎవరిదో తేలింది, పేరుతో పనేముందని నచ్చజెప్పబోయాడు. పట్టికలమ్మ వినలేదు.

“దొంగసొత్తు కడుపులో పెట్టుకుని తిరుగుతున్న మనిషెవరో తెలియాలి సార్. బయట బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడకి నేనేం చెప్పను?”

డైరెక్టరు అనుమతి కాగితం మీద సంతకం చేశాడు.

ఆమె గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. పేర్ల పట్టిక తెరిచి, వంతుల పట్టికతో 4172 దగ్గర కలిపి మీట నొక్కింది.

తెర మీదికి ఒకే ఒక్క వరస వచ్చింది, దాని పేరు గడిలో ఉన్నది పట్టికలమ్మ అసలు పేరే.