చెరగని ముగ్గు

పరిశోధన గ్రంథాలను చదివే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు వర్చువల్ కళ్లద్దాలు పెట్టుకుని నేరుగా వాటి లోపలికి నడిచి వెళ్లడమే. ఫెలోషిప్ మీద నీరజ కట్టిన గ్రంథం, రిజర్వాయరులో మునిగిపోయిన ఒక ఊరు. సందులు, అరుగులు, కోళ్ల గోల, కళ్లాపి చల్లిన మట్టి వాసన, అన్నీ అందులో ఉన్నాయి.

పండితులు తొంగిచూసి పోయేవారు. పునరావాస కాలనీలో ఉంటున్న బుల్లెమ్మ మాత్రం రోజూ పొద్దున్నే అద్దాలు పెట్టుకుని తన పాత వాకిట్లోకి వెళ్లేది. నిన్నటి ముగ్గు ఊడ్చేసి, కొత్తది వేసి వచ్చేది.

గ్రంథం ప్రచురణకు సిద్ధమైంది.

"పాఠకులు గీసిన గీతలు ఉండకూడదమ్మా, తీసేయండి," అన్నారు సంపాదకులు ఫణిభూషణ్ గారు.

"గీతలేమిటి సార్, అది ముగ్గు! అది లేకపోతే ఈ ఊరు కట్టి ఏం లాభం?" అని నీరజ పట్టుబట్టింది. చివరికి ఆయనే దిగొచ్చారు. ఆ రోజు ముగ్గును ఇక చెరగకుండా ఉంచి ప్రచురించారు.

ఆ కబురు చెబుదామని మర్నాడు నీరజ కూడా ఆ వాకిట్లోకి వెళ్లింది. బుల్లెమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎంత ఊడ్చినా నిన్నటి ముగ్గు పోవట్లేదమ్మా."

"ఇంకెప్పటికీ పోదు పిన్నిగారూ!" అంది నీరజ సంబరంగా.

బుల్లెమ్మ చీపురు గోడకు ఆనించి, మూసి ఉన్న తలుపు వంక చూసింది.

"వాకిట్లో కొత్త ముగ్గు పడకూడదంటే... మా ఇంట్లో ఎవరు పోయారు తల్లీ?"