కామా దగ్గర కోత

"మళ్ళీ స్పేస్ ఎంచుకున్నావు తమ్ముడూ! కామా అన్నాను కదా!"

అక్క నెత్తి కొట్టుకుంది. ఆ పార్సిల్ ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. స్క్రీన్ మీద చిరునామాలన్నీ ముక్కలు ముక్కలై కుడివైపుకు పొర్లాయి. ఒకరి పేరులో సగం వీధి గడిలో పడింది, వీధి వెళ్ళి ఊరి గడిలో కూర్చుంది. పక్కనున్న డెలివరీ తేదీల కాలమ్ కాస్తా వాటి కింద మాయమైపోయింది. ఆన్‌లైన్ షీటు కాబట్టి ఆ భాగోతం హాల్లో అందరి కంప్యూటర్లలోనూ అప్పటికప్పుడే కనిపించింది.

"ట్యూబ్‌లైట్ మళ్ళీ ఆరిపోయిందిరోయ్!" మూల నుంచి గుమాస్తా అరిచాడు. హాలంతా నవ్వింది.

కొత్తగా చేరిన అతను తల వంచుకుని, చేసిందంతా చకచకా వెనక్కి తిప్పేశాడు. తప్పు చేయడంలో ఎంత మొద్దో దిద్దుకోవడంలో అంత చురుకు, అదేం చెయ్యో మరి! సిగ్గుతో చెవులు మాత్రం కందిపోయాయి.

నిజానికి అదేం బ్రహ్మవిద్య కాదు. పేరు, వీధి, ఊరు, ఫోను అన్నీ ఒకే గడిలో ముద్దగా వచ్చి పడతాయి. ముందు కుడిపక్కన ఖాళీ కాలమ్స్ చేర్చాలి. తర్వాత ఆ ముద్దను కామా ఉన్నచోటల్లా కోయాలి. కోత తప్పితే పార్సిల్ ఎక్కాల్సిన బండి ఎక్కదు. ఆఫీసు మొత్తంలో ఆ పని తడుముకోకుండా చేసేది అక్క ఒక్కతే.

మేనేజర్ గదిలోంచి బయటికొచ్చాడు.

"ఏమయ్యా, ఇంకెప్పుడు నేర్చుకుంటావు?"

అతను మౌస్ వదిలేసి లేచి నిలబడ్డాడు.

"సాయంత్రంలోగా నా ముందు చేసి చూపించాలి. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

"అంతమాట అనకండి సార్! కుర్రాడు మంచివాడు. నేను నేర్పిస్తాను కదా," అక్క అడ్డుపడింది.

మేనేజర్ ఆమె వైపు చూడకుండానే సరేనని వెళ్ళిపోయాడు.

భోజనాల వేళ అందరూ లేచినా ఆమె కదల్లేదు. డబ్బా మూత తీసి సగం అతని ముందుకు తోసింది.

"తిను. కడుపు కాలుతుంటే ఏదీ బుర్రకెక్కదు."

"నాకోసం మీకెందుకక్కా ఇంత అవస్థ?"

"నేనూ ఇలాగే ఏడ్చినదాన్నేలే. మా ఆయన మంచం పట్టాక ఈ కుర్చీనే నమ్ముకుని నేర్చుకున్నాను. మీ ఆవిడకు నెలలు నిండాయన్నావు కదూ?"

"అవునక్కా."

"మరింకేం! పుట్టబోయే బిడ్డ కోసమైనా నీకీ పని రావాలి. పట్టు మౌస్!"

అతనికి భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. ఇంత సిగ్గు అతను బతుకులో ఎన్నడూ పడలేదు.

సాయంత్రం మేనేజర్ వచ్చి అతని వెనక నిలబడ్డాడు. మిగతావాళ్ళు తమాషా చూడ్డానికి మూగారు. అతను ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచాడు. ఖాళీ కాలమ్స్ చేర్చాడు. ఇంటి నంబర్ల మధ్య అదనంగా పడ్డ కామాలను ఏరేశాడు. అక్క ఇంకా చెప్పని చోట కూడా చెయ్యి తడబడలేదు. కామా దగ్గర కోశాడు. పేర్ల కింద పేర్లు, ఊళ్ళ కింద ఊళ్ళు బుద్ధిగా కూర్చున్నాయి.

"చూశారా సార్! నేను చెప్పలేదూ!" అక్క చప్పట్లు కొట్టింది. ఆనందంతో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా పరువు నిలబెట్టావు తమ్ముడూ!"

అతను తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాడు.

"ఒకసారి నా గదికి రామ్మా," అన్నాడు మేనేజర్.

మెచ్చుకోవడానికే అనుకుని ఆమె జుట్టు సర్దుకుంటూ వెళ్ళింది.

అతనికి పని వచ్చిన రోజే ఆమెకు ఆఖరి రోజని, చేర్చుకున్నప్పుడే అతనికి చెప్పారు.