నూటపన్నెండు బొటనవేళ్ళు

మధ్యాహ్నం పన్నెండయింది. పరిశోధన పత్రం అప్పజెప్పడానికి ఇంకా ఐదు గంటలే గడువు.

రికార్డు గదిలో, ఆ పత్రం రాస్తున్న అమ్మాయి ఒక పాత అర్జీని ఆఖరిసారి బయటికి తీయించింది. యాభై నాలుగేళ్ళ నాటి కాగితం. మడతల దగ్గర చిరిగితే వెనక గుడ్డ అంటించారు. సున్నపు బట్టీల వాళ్ళు పెట్టుకున్న అర్జీ అది. అడిగింది ఒక్కటే. మా పిల్లల్ని కూడా ఊరి బడిలో, అందరితోపాటు బల్ల మీద కూర్చోనివ్వండి. కింద నూటపన్నెండు బొటనవేలి ముద్రలు.

ముద్రలన్న మాటేగానీ, అన్నీ నల్లటి మరకలే. ఒక్కదాన్లోనూ ఒక్క గీత లేదు.

పక్కన ఆనాటి అధికారి ఎర్రసిరాతో రాశాడు: "మనిషి వేలికి గీతలుంటాయి. ఇవి కర్రముక్కను సిరాలో ముంచి అద్దినవి. దొంగ అర్జీ. తోసిపుచ్చడమైనది."

అర్జీ రాసిపెట్టిన పెద్దాయనకి మూడేళ్ళ జైలు పడింది. లోపలే పోయాడు. ఆ పిల్లలకి బడి ఇంకో ఇరవై ఏళ్ళకి గానీ దక్కలేదు. పేరు మాత్రం వెంటనే దక్కింది. దొంగవేళ్ళవాళ్ళు. ఈ రోజుకీ ఊరంతా అలాగే పిలుస్తుంది.

ఆ అమ్మాయి వేలికి రబ్బరు తొడుగు పెట్టుకుని కాగితం తిప్పింది. రికార్డులు చూసే ముసలాయన నవ్వాడు.

"నాలుగేళ్ళుగా చూస్తున్నాను తల్లీ. ఆ తొడుగు లేకుండా పేజీ ముట్టుకోవు. నీ వేలేమన్నా అరిగిపోతుందా?"

"పేజీ జారిపోతుంది బాబాయ్."

"అబ్బో, ఎంత సుకుమారం!" అంటూ కట్ట కట్టేశాడు.

ఒంటిగంటకి ప్రొఫెసర్ గదిలో ఉంది. ఆయన పదిహేడో పేజీ దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటమ్మాయ్? సున్నం కలిపి కలిపి వేళ్ళ మీద గీతలు చెరిగిపోయాయా? ఎవరు చెప్పారు నీకు?"

"విన్నాను సార్."

"ఎవరి దగ్గర?"

ఆమె పదిహేడో పేజీ వైపు చూసింది.

"విన్నవన్నీ రాస్తే దాన్ని కబుర్లంటారు. చరిత్ర అనరు. గీతల్లేని వేలు ఒక్కటి నువ్వు చూశావా? ఆ జనంలో ఎవరైనా నీకు తెలుసా?"

గోడ మీద ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"తెలీదు సార్."

"తెలిసినా లాభం లేదులే. వాళ్ళ గురించి వాళ్ళే చెప్పుకుంటే అది సాక్ష్యం కాదు, ఏడుపు. నేను రోజూ ఆ దొంగవేళ్ళ వీధి మీదుగానే వస్తాను. కారద్దాలు ఎక్కించుకుని మరీ వస్తాను." తన జోకుకి తనే నవ్వుకున్నాడు. పదిహేడో పేజీకి అడ్డంగా గీత కొట్టాడు. "అర్జీ దొంగదని ఆనాడే తేలిందని రాసి పట్రా. సంతకం పెడతాను. మిగతాదంతా బాగానే ఉంది. పోరాటం, సమానత్వం, అవన్నీ ఉంచుకో."

"ఆ ఒక్క పేజీ కోసమే సార్, ఈ నాలుగేళ్ళూ..."

"అయితే ఐదో ఏడు కూడా చదువుకో. నాకేం?"

ఐదో ఏడు చదివే దారి లేదు. స్కాలర్‌షిప్ ఈ నెలతో సరి.

మెట్ల మీద కూర్చుని రాయబోతుంటే ఫోను మోగింది. అమ్మ.

"అయిపోయిందా?"

"అయిపోవచ్చింది."

"ఆ పెద్దాయన దొంగ కాదని రాశావు కదూ? అచ్చులో ఎక్కుతుంది కదూ?"

"అమ్మా, సరిగా వినపడటం లేదు. మళ్ళీ చేస్తాను."

అమ్మ గొంతు స్పష్టంగా వినపడుతూనే ఉంది. అమ్మాయి ఫోను పెట్టేసింది. పదిహేడో పేజీ చించి మడిచి సంచిలో పెట్టుకుంది. కొత్త కాగితం మీద రాసింది: అర్జీపై ఉన్న వేలిముద్రలు నకిలీవని అప్పటి విచారణలోనే తేలింది. చిన్న వాక్యం. రాయడానికి గంట పట్టింది.

ప్రొఫెసర్ చదివి తల ఊపాడు. "ఇప్పుడు దారికొచ్చావు." సంతకం పెట్టాడు.

నాలుగూ నలభైకి ఆఫీసు కిటికీ ముందు నిలబడింది. గుమాస్తా పేజీలు సరిచూసి, పక్కనున్న చిన్న మెషిన్ ముందుకు జరిపాడు.

"వేలు పెట్టమ్మా."

"ఎప్పుడూ సంతకమే కదా సార్?"

"పోయిన వారం బిగించారు. ఒకరి బదులు ఇంకొకరు వచ్చి ఇచ్చేస్తున్నారట. వేలు పడితేనే రసీదు."

ఆమె తొడుగుతోనే వేలు ముందుకు చాపింది.

"తొడుగు తియ్యమ్మా, వెనక జనం ఉన్నారు."

తీసింది. పెట్టింది. ఎర్రలైటు.

"చెమటేమో, తుడిచి పెట్టు."

కొంగుతో తుడిచి పెట్టింది. ఎర్రలైటు.

"రెండో చెయ్యి."

ఎర్రలైటు.

"ఐదింటికి ఇది తనంతట తనే ఆగిపోతుంది. ఆ తర్వాత నన్నడిగి లాభం లేదు. సరిగ్గా నొక్కు తల్లీ!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "దొంగ వేలేమో చూడండి సార్!" క్యూ అంతా నవ్వింది.

గుమాస్తా విసుగ్గా ఆమె చెయ్యి లాక్కుని కళ్ళజోడు కిందికి తెచ్చుకుని చూశాడు: పొద్దున్నే అమ్మతో కలిసి బట్టీలో సున్నం కలిపి వచ్చిన ఆ బొటనవేలి మీద, ఆ నూటపన్నెండింటి మీద లాగే, ఒక్క గీత లేదు.