ఎంగిలి నీళ్ళు

"ఛీ! అందరి ఎంగిలీ ఒకే నీళ్ళలోనా?"

షాపులో సుమతి వేసిన కేకకి సేల్స్‌మన్ ఉలిక్కిపడ్డాడు. తెలుగు రాకపోయినా ఆ ముఖం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

దామోదర్ డిష్‌వాషర్ తలుపు మీద అంటించిన పసుపు లేబుల్ చదువుతున్నాడు. అది 1982లో వచ్చిన కొత్త మోడల్. కాసిని వేడినీళ్ళే పట్టి, వాటినే తిప్పి తిప్పి గిన్నెల మీద చల్లుతుంది. కరెంటు బాగా కలిసొస్తుందని అతని ఆశ.

"లాస్ట్‌లో మంచినీళ్ళతో రిన్స్ చేస్తుందే. అయినా మనింట్లో తినేది మనమేగా?"

"వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఉండరా?"

"మరి ఉష పుట్టినప్పుడు హాస్పిటల్లో ఎవరి పాలు పట్టారో అడిగావా?"

సుమతి ముఖం మెత్తబడింది.

రెండేళ్ళ కిందట ఉష నెలలు నిండకుండా పుట్టింది. సుమతికి జ్వరం, పాలు పడలేదు. డబ్బాపాలు పాపకి ఇమడలేదు. అదే హాస్పిటల్లో ఉన్న మరో బాలింత తన పాలిచ్చి పాపని బతికించింది. పాప ఎవరి బిడ్డో ఆవిడకి తెలుసు గానీ, ఆవిడ పేరు వీళ్ళకి చెప్పడానికి అక్కడి రూల్స్ ఒప్పుకోలేదు.

"ఆవిడ సంగతి వేరండీ. ఎవరో అమెరికన్ మహాతల్లి. కనిపిస్తే కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటాను."

ఆ మాట నిజమే. ఆవిడని చూపించమని హాస్పిటల్‌కి ఫోన్ చేసి బతిమాలుతూనే ఉంది. అడిగి చూస్తానని నర్సు ఈమధ్యే మాటిచ్చింది.

ఆ దొరసాని ఏం తింటుందో అన్న అనుమానం మాత్రం సుమతికి ఏనాడూ రాలేదు. తెల్లతోలుకి ఎంగిలి అంటదు కాబోలు!

శనివారం మెషీన్ ఐసెలిన్ ఊళ్ళో వాళ్ళింటికి వచ్చింది. తెచ్చినవాడు ఆనంద్. దామోదర్‌కి రోజూ ట్రైన్‌లో కలిసే తెలుగాయన. స్టేషన్ వాగన్ కారు ఉంది, బిగించడం కూడా వచ్చు, నేను తెస్తానని తనే అన్నాడు. వెంట భార్య కూడా వచ్చింది.

ఆనంద్ సింకు కింద పడుకుని పైపులు బిగించాడు. దామోదర్ టార్చిలైటు పట్టుకున్నాడు. ఆనంద్ భార్య ఉషని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"పాప బాగా తింటుందాండీ? రాత్రులు నిద్రపోతుందా?"

మంచావిడే అనుకుంది సుమతి.

భోజనాలకి కూర్చున్నారు. సుమతి వడ్డించబోతుంటే భార్యాభర్తలిద్దరూ కళ్ళు మూసుకుని తల వంచారు. "ప్రభువా..." అని సన్నగా వినిపించింది.

పప్పు గరిటె గాలిలోనే ఆగిపోయింది.

"మీ పూర్తి పేరేంటండీ?"

"ప్రేమానందమండీ. ఆఫీసులో ఆనంద్ అనేస్తారు. మా ఆవిడ దెబోరా. మాది బాపట్ల దగ్గర."

ఏ ఊరు, ఏ పేట అని సుమతి అడగలేదు. అడగకుండానే లెక్క కట్టేసింది. నిన్న ఆ నోళ్ళలోకి ఏ మాంసం వెళ్ళిందో ఊహించుకుంది. దెబోరా ఒళ్ళోంచి పాపని లాగి, బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్ళి, ముఖమూ చేతులూ సబ్బుతో తోమింది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

తిన్నాక దెబోరా తమ రెండు స్టీలు కంచాలూ తనే తీసుకెళ్ళి కొత్త మెషీన్‌లో సర్దింది.

"మొదటి కంచాలు మావేనండీ!"

సుమతి నవ్వింది. ఆ నవ్వు చూసినవాళ్ళకి రోత పుట్టాలి.

వాగన్ కదలగానే ఆ కంచాలని పేపర్ టవల్‌తో పట్టుకుని చెత్తబుట్టలో పడేసింది. మెషీన్‌లో పౌడర్ గుమ్మరించి, హీట్ మొత్తం పెట్టి, ఖాళీగా తిప్పింది. అది ఆగగానే మళ్ళీ తిప్పింది.

"కరెంటు సేవ్ అవుతుందని ఏరి కోరి కొన్నాం కదే! లోపల ఒక్క గిన్నె లేదు."

"మైల పోవద్దూ?"

దామోదర్ పేపరు అందుకున్నాడు. నోరు తెరవాల్సిన చోట మూసుకోవడం అతనికి బాగా అలవాటు.

డోర్‌బెల్ మోగింది. దెబోరా.

"రెంచి మర్చిపోయామండీ," అంటూ చొరవగా వంటింట్లోకి వచ్చేసింది.

చెత్తబుట్ట మూత తెరిచే ఉంది. పైనే కంచాలు.

దెబోరా వాటిని చూసింది. మెషీన్ హోరుమంటూ ఖాళీగా తిరుగుతోంది. రెంచి తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"పాపని ఒక్కసారి ఎత్తుకుని వెళ్తానండీ."

"పడుకుంది."

సోఫా వెనకనుంచి ఉష కిలకిలా నవ్వింది.

దెబోరా తల ఊపి వెళ్ళిపోయింది. ఆవిడ నిలబడిన చోట సుమతి తడిగుడ్డ పెట్టి తుడిచింది.

నెల తిరక్కుండా ప్రేమానందానికి టెక్సాస్‌లో ఉద్యోగం వచ్చింది. ఇద్దరూ అక్కడి ప్లేనో అనే ఊరికి వెళ్ళిపోయారని దామోదర్ చెప్పాడు.

"పీడ విరగడైంది," అంది సుమతి.

ఆ వారమే హాస్పిటల్ నుంచి నర్సు ఫోన్ చేసింది. సుమతి రిసీవర్ని రెండు చేతులా పట్టుకుంది.

"ఆవిడ ఒప్పుకున్నారా? ఎక్కడుంటారు? చీర కూడా కొని ఉంచాను. ఇప్పుడే బయల్దేరతాం."

"సారీ, సుమతీ. తనెవరో చెప్పొద్దంది. పాపం, అప్పుడు ఆవిడ బిడ్డ దక్కలేదు. మీ పాప బాగుంది, నాకది చాలు అంది."

"పాప బాగుందని ఆవిడకెలా తెలుసు?"

"మీ ఇంటికొచ్చి చూసిందట కదా, కొత్త డిష్‌వాషర్ బిగించిన రోజున," అంది నర్సు.